నగరంలో పారేసే కట్టె నుంచి మంచి ఇంధనం: కొమ్మ కొట్టిన చోటు నుంచి బాయిలర్ దాకా

వానలకు ముందు కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టేస్తారు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఆ రోజుల్లో ఏ కాలనీలో చూసినా రోడ్డు పక్కన కొమ్మల గుట్టలే. కొన్నాళ్లు అక్కడే పడి ఉంటాయి. తర్వాత ఎవరో అగ్గిపుల్ల గీస్తారు, లేదంటే మున్సిపాలిటీ ట్రాక్టర్ ఎత్తుకెళ్లి డంపింగ్ యార్డులో పోస్తుంది. అదే ఊళ్లో హాస్టళ్లు నీళ్లు కాచడానికి గ్యాస్ కొంటాయి. ఫ్యాక్టరీలు బాయిలర్ల కోసం పొట్టు, తొక్కలను గట్టిగా అదిమి చేసిన దిమ్మెలను, అంటే బ్రికెట్లను, లారీల్లో తెప్పించుకుంటాయి. పారేసే కట్టెను అవసరం ఉన్న పొయ్యి దాకా చేర్చడం ఎలాగో ఈ మార్గదర్శిలో వివరంగా చెబుతాను.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ అనే నగరం ఉంది. ఊరి నడిబొడ్డున ఉన్న భవనాలకు పైపుల ద్వారా వేడినీళ్లు పంపే వ్యవస్థను అక్కడ 1983లో మొదలుపెట్టారు. నగరంలో పడిపోయిన చెట్లు, కొట్టేసిన కొమ్మల కట్టెను కాల్చి వేడి, కరెంటు రెండూ తీసే ప్లాంటు 2003లో దానికి తోడైంది. మనకు ఇళ్లు వెచ్చబెట్టుకునే అవసరం లేదు. మన అవసరాలు వేడినీళ్లు, ఆవిరి, పెద్ద వంటలు. కట్టెను ఇంధనంగా మార్చే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఈ పని గురించి అడిగేవాళ్లలో చాలామంది మొదట మెషిన్ రేటు అడుగుతారు. మెషిన్ గురించి ఆలోచించాల్సింది చివర్లో. ఎవరు కాలుస్తారు, కట్టెలో ఏం కలిసింది, ఎంత తడి ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరక్కుండా మెషిన్ కొంటే అది షెడ్డులో తుప్పు పడుతుంది.

మొదటి అడుగు: కాల్చేవాళ్లను వెతకండి

ఇంధనం ఏ రూపంలో ఉండాలో పొయ్యి నిర్ణయిస్తుంది. ఫంక్షన్ హాళ్ల వంటవాళ్లకు చీల్చిన పొడి కట్టెలు చాలు. హాస్టల్లో చేత్తో కట్టె వేసే వాటర్ హీటర్‌కు జానెడు, మూరెడు ముక్కలు సరిపోతాయి. తొట్టిలో పోస్తే తనే లాక్కునే బర్నర్‌కు ఒకే సైజు చెక్క ముక్కలు కావాలి. ఫ్యాక్టరీల బాయిలర్లలో గ్రేటు, అంటే కింద నుంచి గాలి వచ్చే ఇనుప జాలీ మీద కాల్చే రకానికి బ్రికెట్లు నప్పుతాయి, ఇసుక మీద గాలి ఊది కాల్చే రకం చిన్న ముక్కలను, పొట్టును కూడా తీసుకుంటుంది.

అందుకే ముందు మీకు 10, 15 కిలోమీటర్ల లోపు ఉన్న నలుగురైదుగురిని కలవండి. రోజుకు ఎంత వాడుతున్నారు, ఏ సైజు కావాలి, నిల్వకు జాగా ఉందా, వానాకాలంలో ఎవరి దగ్గర కొంటున్నారు అని అడగండి. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, ఎందుకంటే జులై నుంచి సెప్టెంబర్ దాకా పొడి ఇంధనానికి దొరికే ధర వేరు. దూరం కూడా చూసుకోవాలి. కొమ్మలు గుల్లగా ఉంటాయి, ట్రాలీ నిండినట్టు కనిపించినా అందులో ఎక్కువ భాగం గాలే. వాటిని ఊరు దాటించి ముక్కలు చేద్దామనుకుంటే వచ్చేదంతా డీజిల్‌కే పోతుంది.

రెండో అడుగు: ఏది తీసుకోవాలి, ఏది ముట్టుకోకూడదు

నగరంలో కట్టె ప్రధానంగా నాలుగు చోట్ల దొరుకుతుంది: చెట్ల కొమ్మలు, సా మిల్లుల పొట్టు, వడ్రంగి షాపుల ముక్కలు, గోడౌన్ల ప్యాలెట్లు. ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే చెక్క ఐదోది, దానితోనే తలనొప్పి ఎక్కువ.

కాల్చడానికి ముందు ఇంకో ఉపయోగం ఉందేమో చూడటం న్యాయం. పాత టేకు దర్వాజాలు, దూలాలు సెకండ్ హ్యాండ్ కలప షాపుకు వెళ్లాలి. బాగున్న ప్యాలెట్‌ను మరమ్మతు చేసి మళ్లీ వాడతారు. ఆకులు, సన్న రెమ్మలు కంపోస్టుకు పోవాలి. ఇవన్నీ తీసేశాక మిగిలిందే ఇంధనం. ఇంధనం కోసం నిలబడి ఉన్న చెట్టును కొట్టడం మొదలైతే ఈ పనికి అర్థమే పోతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి ఉండాలి. ఎవరైనా మొద్దులు తెచ్చి ఇస్తానంటే ముందు ఆ కాగితం అడగండి. టేకు, ఎర్రచందనం, చందనం లాంటివి లోడులో కనిపిస్తే తీసుకోవద్దు.

కొమ్మల్లో నిద్రగన్నేరు, గుల్‌మొహర్, పచ్చ తురాయి తేలిక జాతులు, త్వరగా ఎండి త్వరగా మండిపోతాయి. వేప, కానుగ, సుబాబుల్, సర్కారు తుమ్మ బరువైనవి, నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. బాగా ఎండాక కిలోకు వచ్చే వేడి అన్ని జాతులకూ దాదాపు ఒకటే. తేడా అంతా బరువులో ఉంది, అంటే అదే సంచిలో ఎన్ని కిలోలు పడతాయన్న దాంట్లో.

ముట్టుకోకూడని వాటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, సన్‌మైకా అంటించిన పలకలు చూడటానికి కట్టెలాగే ఉంటాయి, బాగా మండుతాయి కూడా. వాటిలో ఉన్నది రసాయన జిగురు. అంచులకు అంటించే పట్టీ చాలాసార్లు పీవీసీ, అది మామూలు పొయ్యిలో కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు పుడతాయి. పాత పెయింటులో సీసం ఉండొచ్చు. చెదలు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉప్పులు ఎక్కించిన కలప ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. దాన్ని కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలో, మిగతాది బూడిదలో తేలుతుంది. పాత రైల్వే స్లీపర్లకు క్రియోసోట్ అనే తారు నూనె పట్టించి ఉంటుంది. ఇవేవీ వద్దు. సెంట్రింగ్ చెక్కల్లో అసలు కలప పలకలను నూనె, సిమెంటు అంటనివైతే తీసుకోవచ్చు, సెంట్రింగ్ ప్లైవుడ్ మాత్రం పూర్తిగా మానేయండి.

ప్యాలెట్లకు ఒక సులువైన గుర్తు ఉంది. విదేశాల నుంచి సరుకుతో వచ్చిన ప్యాలెట్ పక్క దిమ్మె మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. దాని పక్కన ఇంగ్లిష్‌లో హెచ్, టీ అని ఉంటే కలప లోపలి దాకా 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు చూపించి పురుగును చంపారని అర్థం. అది తీసుకోవచ్చు. ఎమ్, బీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు, పక్కన పెట్టేయండి. ముద్ర సరిగా ఉన్నా రంగు, నూనె మరకలు, రసాయనాల వాసన ఉంటే అదీ వద్దు.

పని జరిగే చోట ఒక నియమం పెట్టుకోండి: అనుమానం ఉన్న ముక్క పక్కకు పోవాలి. ఒక మనిషి దీనికోసమే నిలబడాలి. మేకులు తీయడానికి గోరుసుత్తి, చివరగా ఒక గట్టి అయస్కాంతం. ఒక్క మేకు కొమ్మలను ముక్కలు చేసే చిప్పర్ మెషిన్ బ్లేడు అంచును పోగొడుతుంది, కట్టెను పొడి చేసే హ్యామర్ మిల్లులో పడితే నిప్పురవ్వ లేచి పొట్టు అంటుకుంటుంది. మట్టి కూడా మేకుతో సమానమైన శత్రువే. నేల మీద ఈడ్చిన కొమ్మల బెరడులో ఇసుక ఇరుక్కుంటుంది, బాయిలర్ వేడికి అది బూడిదతో కలిసి కరిగి గ్రేటు మీద రాయిలా గడ్డకడుతుంది.

మూడో అడుగు: ఎండబెట్టడం

లాభనష్టాలు ఇక్కడే తేలతాయి.

పచ్చి కొమ్మ బరువులో దాదాపు సగం నీళ్లు. పూర్తిగా పొడి కలప కిలోకు సుమారు 4,400 కిలో కేలరీల వేడి ఇస్తుంది. 20 శాతం తేమ ఉంటే అది 3,400కు, 50 శాతం ఉంటే 1,900కు పడిపోతుంది. ఆ కిలోలో అసలు కట్టె తగ్గడం ఒక కారణం. మిగిలిన కట్టె తనలోని నీళ్లను ఆవిరి చేయడానికి సొంత వేడినే ఖర్చు పెట్టుకోవడం ఇంకో కారణం.

లెక్క చూడండి. 50 శాతం తేమ ఉన్న 100 కిలోల కట్టెలో మొత్తం వేడి 1,90,000 కిలో కేలరీలు. దాన్ని 20 శాతానికి ఎండబెడితే బరువు 62.5 కిలోలకు తగ్గుతుంది, వేడి మాత్రం 2,12,500కు పెరుగుతుంది. ఎండకు పైసా ఇవ్వలేదు.

హాస్టల్ లెక్కలో తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 100 మంది పిల్లలకు తలా 20 లీటర్లు, 25 డిగ్రీల నీళ్లను 45 డిగ్రీలకు తేవాలి. దానికి 40,000 కిలో కేలరీలు కావాలి. 20 శాతం తేమ ఉన్న పొడి కట్టెతో, 60 శాతం సామర్థ్యం ఉన్న హీటర్‌లో 20 కిలోలు సరిపోతాయి. పచ్చి కట్టెతో మంట చల్లబడి సామర్థ్యం 45 శాతానికి దిగిందనుకుంటే 47 కిలోలు పడతాయి, పైగా ఇల్లంతా పొగ. అదే పని గ్యాస్‌తో చేస్తే నాలుగున్నర కిలోలు. మీ ఊళ్లో ఈ మూడింటి ధరలు వేసి చూసుకోండి.

ఎండబెట్టే పద్ధతి ఇదీ. కొమ్మలు కొట్టిన వెంటనే ఆకులు దూయకండి. ఒకటి రెండు వారాలు ఆకులతోనే వదిలేస్తే కొమ్మలోని నీటిని ఆకులే లాగి బయటికి పంపుతాయి. ఆకులు వాడిపోయాక కొమ్మను దులిపితే చాలావరకు రాలిపోతాయి. రాలిన ఆకును కంపోస్టుకు పంపండి, ఆకులో బూడిద, క్లోరిన్ ఎక్కువ కాబట్టి బాయిలర్‌లోకి వెళ్లకూడదు.

తర్వాత చేతిమణికట్టు కన్నా లావున్న ప్రతి ముక్కనూ నిలువుగా చీల్చాలి. బెరడు నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. చీల్చని మొద్దు ఏడాదైనా లోపల తడిగానే ఉంటుంది. ఇటుకల మీద కర్రలు వేసి, నేలకు జానెడు ఎత్తులో, గాలి వీచే దిక్కుకు అడ్డంగా వరుసలు పేర్చండి. వరుసకూ వరుసకూ మధ్య మనిషి నడిచేంత సందు ఉండాలి. పైన రేకులు వేయండి, పక్కలు మాత్రం మూయకండి. టార్పాలిన్‌తో నాలుగు వైపులా చుట్టేస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది.

కాలం కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలో పేర్చింది హైదరాబాద్ ఎండకు జూన్ లోపు వాడకానికి వస్తుంది. మే చివర్లో వచ్చే కొమ్మలకు ఆ ఎండ దొరకదు, అవి వానాకాలమంతా రేకుల కింద ఉండి చలికాలానికి తయారవుతాయి. అంటే వానాకాలంలో అమ్మే సరుకు వేసవిలోనే ఎండి నిల్వలో ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి కట్టె ఎంత ఎండినా ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. అక్కడ 15, 16 శాతం వస్తే సంతోషించాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో కూల్చిన చెట్ల లాంటి భారీ లోడు ఒక్కసారిగా వచ్చినప్పుడు అన్నీ చిప్పర్‌లో వేసేయాలనిపిస్తుంది. అలా చేయొద్దు. పచ్చి ముక్కల కుప్ప కొద్ది రోజుల్లోనే లోపల కుళ్లడం మొదలై 60, 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, కలప తినేయబడుతుంది, బూజు ధూళి పీల్చినవాళ్ల ఊపిరితిత్తులకు ప్రమాదం. పెద్ద కుప్పైతే తనంతట తానే అంటుకోవచ్చు. మొద్దులుగా కోసి పేర్చండి, ఎండాకే ముక్కలు చేయండి.

నాలుగో అడుగు: తేమ కొలవడం

రెండు ముక్కలు కొట్టుకుంటే టంగుమంటే ఎండినట్టు, డబ్ మంటే పచ్చి అని పాతకాలం పరీక్ష ఉంది. అది పనికొస్తుంది, కానీ దాన్ని చూపించి డబ్బులు తీసుకోలేరు.

సరైన పరీక్షకు ఒక ఓవెన్, వంటింటి తూకం చాలు. వరుస మధ్యలోంచి నాలుగైదు ముక్కలు తీసి, ప్రతిదాన్నీ నడిమికి కోసి, ఆ కోత దగ్గరి చెక్కను కలిపి తూచండి. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఉంచి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా మధ్యమధ్య తూచండి. 1,000 గ్రాములు 780 అయితే తేమ 22 శాతం. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, లోపల మాడి అంటుకుంటుంది.

రెండు సూదులు గుచ్చే మీటర్ త్వరగా చెబుతుంది, కానీ ఒక మెలిక ఉంది. చాలా మీటర్లు పొడి కలప బరువు మీద శాతం చూపిస్తాయి, ఇంధనం కొనేవాళ్లు మొత్తం బరువు మీద లెక్కిస్తారు. మీటర్ 25 చూపిస్తే కొనేవాళ్ల లెక్కలో అది 20. మీటర్ అంకెను 100 కలిపిన అదే అంకెతో భాగించి, వందతో గుణించండి. సూదులు పై బెరడులో కాకుండా అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి.

ఐదో అడుగు: ముక్కలు చేయడం

చిన్న స్థాయిలో వృత్తాకార రంపం, చీల్చే గొడ్డలి లేదా హైడ్రాలిక్ స్ప్లిట్టర్ సరిపోతాయి. చిప్స్, అంటే చిన్న చెక్క ముక్కలు కావాలంటే ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని బయటికి అందించే షాఫ్టుకు (పీటీవో) తగిలించే చిప్పర్ నగరానికి అనువైనది, కాలనీకి తీసుకెళ్లి అక్కడే పని చేయొచ్చు. బ్లేడ్లు పదునుగా ఉంటే ముక్కలు శుభ్రంగా తెగుతాయి. మొండిబారితే పీచుల్లా చీలి, బర్నర్‌లోకి లాక్కునే స్క్రూకు చుట్టుకుంటాయి. అందుకే ముక్కల సైజు చూసే జల్లెడ తప్పనిసరి. పెద్దవి మళ్లీ మెషిన్‌లోకి, దుమ్ము విడిగా.

చిప్పర్ దగ్గర జరిగే ప్రమాదాలు రెప్పపాటులో జరుగుతాయి. చున్నీ, లుంగీ, వదులు చొక్కా, వదులు గ్లవ్స్ ఏవీ ఉండకూడదు. ఇరుక్కున్న కొమ్మను చేత్తోనో కాలితోనో తోయకండి, పొడవాటి కర్రతో నెట్టండి. బ్లేడు దగ్గరికి వెళ్లాలంటే ఇంజిన్ ఆపి, తాళం జేబులో పెట్టుకుని వెళ్లాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ, మాస్కు ఉండాలి. కూలికి వచ్చినవాళ్లకు ఇవి కొనివ్వడం యజమాని బాధ్యత, వాళ్లనే తెచ్చుకోమనడం తప్పు.

ఆరో అడుగు: బ్రికెట్లు, నిజంగా అవసరమైతే

బ్రికెట్‌ను మార్కెట్లో బయోకోల్ అని, వైట్ కోల్ అని పిలుస్తారు. పొట్టును గట్టిగా గుద్దితే ఆ ఒత్తిడికి, రాపిడి వేడికి కలపలోనే ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి జిగురులా పట్టేస్తుంది. పిండి, మొలాసిస్ ఏమీ కలపక్కర్లేదు. పిస్టన్ ప్రెస్సుల్లో 60, 90 మిల్లీమీటర్ల సైజులు ఎక్కువ. మంచి బ్రికెట్ నీళ్లలో వేస్తే మునుగుతుంది.

ముడిసరుకు కొన్ని మిల్లీమీటర్ల సైజు పొట్టుగా ఉండాలి, తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. ఎక్కువైతే లోపల ఆవిరి పట్టి బ్రికెట్ పగులుతుంది, ఒక్కోసారి మెషిన్ నోట్లోంచి టపీమని ఎగిరి వస్తుంది. దాని ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. తేమ మరీ తక్కువైనా పట్టు దొరకదు.

పెట్టుబడికి ముందు ఈ లెక్క వేయండి. గంటకు 500 కిలోల మెషిన్ రోజుకు 8 గంటలు నడిస్తే 4 టన్నుల బ్రికెట్లు. పచ్చి కట్టె లెక్కలో అది 7 టన్నుల పైమాటే, అదీ రోజూ. ఒక కాలనీ, ఒక వార్డు కొమ్మలు దీనికి ఏ మూలకూ రావు. నా అభిప్రాయంలో కొమ్మల మీద ఆధారపడేవాళ్లు చీల్చిన కట్టెలు, చిప్స్ దగ్గరే ఆగాలి. సా మిల్లులు, వడ్రంగి షాపులు గుంపుగా ఉన్న చోట పొట్టు ముందే సన్నగా, చాలావరకు పొడిగా దొరుకుతుంది కాబట్టి బ్రికెట్ల యూనిట్ అక్కడ నిలబడుతుంది. షాపుల నుంచి తీసుకునేటప్పుడు అసలు కలప పొట్టుకు ఒక సంచి, ప్లైవుడ్ పొట్టుకు ఇంకో సంచి ఇవ్వండి. కలిసిపోయాక విడదీయడం ఎవరి వల్లా కాదు.

కేంద్రం 2022 నవంబర్‌లో ప్రకటించిన జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం తొలి దశలో బ్రికెట్, పెల్లెట్ (చిన్న గుళికల్లా అదిమిన ఇంధనం) యూనిట్లకు గంటకు టన్ను సామర్థ్యానికి 9 లక్షల రూపాయల చొప్పున, గరిష్ఠంగా 45 లక్షల దాకా సాయం పెట్టారు. ఆ దశ గడువు 2026 మార్చి. మీరు మొదలుపెట్టేనాటికి ఏ పథకం నడుస్తోందో కనుక్కోండి, కానీ సబ్సిడీ యూనిట్ నడిచాక వచ్చే డబ్బు. అది లేకపోయినా నడుస్తుందనిపిస్తేనే దిగండి.

నిల్వ, అనుమతులు

బ్రికెట్‌కు నీళ్లు తగిలితే ఉబ్బి పొడైపోతుంది. సిమెంటు నేల మీద చెక్కలు వేసి, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. పొట్టు దుమ్ము దూలాల మీద, స్విచ్ బోర్డుల మీద పేరుకోనివ్వకండి, గాల్లో లేచిన సన్నటి చెక్క దుమ్ము రవ్వ తగిలితే పేలుతుంది. షెడ్డులో బీడీ, సిగరెట్ నిషేధం. నీళ్ల డ్రమ్ములు, ఇసుక బకెట్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి.

యూనిట్ పెట్టేముందు మున్సిపాలిటీ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఫైర్ వాళ్ల అనుమతి చూసుకోవాలి. కొనేవాళ్ల దగ్గర 25 లీటర్లు దాటిన ఆవిరి బాయిలర్ ఉంటే దానికి బాయిలర్ల శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. నీళ్లను 100 డిగ్రీల లోపే వేడి చేసే హీటర్లు బాయిలర్ల చట్టం కిందికి రావు. పనికిరాని ముక్కలను యార్డులో తగలబెట్టే అలవాటు మాత్రం రానివ్వకండి. చెత్త బహిరంగంగా కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే ఆదేశించింది.

కాల్చడం, బూడిద

పొయ్యి ఊపిరాడక పొగ వస్తే కట్టెను తిట్టకండి, గాలి చూడండి. గ్రేటు కింద నుంచి కొంత గాలి, మంట పైన ఇంకొంత గాలి అందాలి, ఎందుకంటే కట్టెలో ఎక్కువ భాగం వాయువుగా మారి పైనే మండుతుంది. చిమ్నీ నుంచి తొలి పది నిమిషాల తర్వాత కూడా నల్లటి పొగ వస్తుంటే కట్టె తడి, లేదా ఒకేసారి ఎక్కువ వేశారు.

శుభ్రమైన కట్టెలో బూడిద ఒక శాతం ప్రాంతంలో ఉంటుంది, బెరడు ఎక్కువైతే పెరుగుతుంది. మూడు నాలుగు శాతం దాటితే లోడులో మట్టి ఉన్నట్టే. బూడిదను మూతున్న ఇనుప డబ్బాలో వేసి, నిప్పు కణికలు పూర్తిగా ఆరేదాకా కొన్ని రోజులు విడిగా ఉంచండి. రంగు, జిగురు లేని కట్టె బూడిద మొక్కలకు పొటాషియం, సున్నం ఇస్తుంది, పలచగా చల్లాలి. ఇప్పటికే చౌడు నేల అయితే వేయకండి.

అమ్మకం

కిలో ధర మాట్లాడేముందు వేడి ధర మాట్లాడండి. మీ ధరను కిలోకు వచ్చే కిలో కేలరీలతో భాగిస్తే, కొనేవాళ్లు ఇప్పుడు వాడుతున్న బొగ్గుతోనో గ్యాస్‌తోనో సరిపోల్చడం సులువు. ఒప్పందంలో తేమ హద్దు రాయండి, ఉదాహరణకు 20 శాతం. అది దాటితే ధర ఏ లెక్కన తగ్గుతుందో, ఏ హద్దు దాటితే లోడు వెనక్కి పంపొచ్చో కూడా ముందే రాసుకోండి. ప్రతి లోడుతో తూకం చీటీ, తేమ చీటీ రెండూ వెళ్లాలి. మొదటి నెల చిన్న లోడ్లు పంపి, వాళ్ల ఆపరేటర్‌తో మాట్లాడండి. డబ్బులు ఇచ్చేది ఆఫీసు అయినా, గ్రేటు మీద రాయి గడ్డకట్టిందో లేదో, ముక్కలు ఎక్కడ ఇరుక్కుంటున్నాయో చెప్పగలిగేది ఆయనే.